వీలైనంత వరకు

మన దేశంలో చదువుల సంస్కరణ పుష్కరాల వంటిది. వచ్చినప్పుడు ఊరంతా మునుగుతుంది. వెళ్ళాక రేవులో ఒండ్రు మిగులుతుంది. 1964లో కొఠారీ కమిషన్ కూర్చుంది. 1968లో మొదటి జాతీయ విద్యా విధానం వచ్చింది. 1986లో రెండవది, 1992లో దానికి సవరణ, 2020 జూలై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మూడవది. ప్రతిసారీ జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు ఖర్చు పెడతామన్నారు. అది జరగలేదని అందరికీ తెలుసు. ఇంటి భాషలో చదువు చెబుతామన్న మాట ఏమైందో మాత్రం రాష్ట్రేతరాంధ్రులమైన మనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ముందు కాగితాలు చూద్దాం. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలంటుంది అది. 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్, ఆచరణ సాధ్యమైనంత మేరకు బోధన మాతృభాషలో వుండాలంటుంది. 2020 విధానం, వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా, కుదిరితే ఎనిమిది దాకా ఇంటి భాషలోనో స్థానిక భాషలోనో చెప్పాలంటుంది.

ప్రయత్నించాలి. సాధ్యమైనంత మేరకు. వీలైన చోటల్లా. ఈ మూడు మాటలూ మన పిల్లల బడి తలుపుకు వేసిన మూడు గొళ్ళేలు. గొళ్ళెం ఎప్పుడూ అధికారి వైపే వుంటుంది. వీలు వుందో లేదో చెప్పేది ఆయన కనుక.

ఇంతకూ ఈ వీలు అంటే ఏమిటి? గదులు కావు, మన ఊళ్ళలో గదులు వున్నాయి. పుస్తకాలు కావు, హైదరాబాదులోనో విజయవాడలోనో అచ్చయినవి బస్సు మీద వేసుకొచ్చినా వస్తాయి. వీలు అంటే పంతులు. తెలుగులో పాఠం చెప్పడానికి శిక్షణ పొందిన మనిషి. ఆ మనిషిని ఎక్కడ తయారుచెయ్యాలో చెప్పకుండా మాతృభాషలో బోధన అని రాయడం, వంటమనిషి లేకుండా విందుకు పిలవడమే.

తెలుగు బడి మూతపడే తీరు హోసూరులోనైనా, బరంపురంలోనైనా, సోలాపురంలోనైనా ఒక్కటే. తెలుగు పంతులుగారు పదవీ విరమణ చేస్తారు. ఖాళీ నింపరు. ఏడాది పాటు ఆ తరగతిని ఇంకొకరికి అప్పజెబుతారు. ఆయనకు తెలుగు రాదు. తల్లిదండ్రులు చూసీ చూసీ పిల్లల్ని వేరే బడికి మారుస్తారు. తరగతిలో పదిమంది గానీ, బడి మొత్తంలో నలభైమంది గానీ వుంటే మాతృభాషలో చెప్పాలన్న సూత్రం 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం పెట్టిందే. మరుసటి ఏడు హాజరుపట్టీలో తొమ్మిది పేర్లుంటాయి. విద్యార్థులు లేనందున తెలుగు విభాగం రద్దు అని ఫైలు ముగుస్తుంది. పంతులు లేక పిల్లలు పోయారు. కాగితం మీద మాత్రం పిల్లలు లేక పంతులు పోయాడు. ఈ తలకిందుల లెక్కను ఏ సంస్కరణా సరిచెయ్యలేదు.

పోనీ, కృష్ణగిరి పక్క పల్లె అమ్మాయి ఒకతె తెలుగు పంతులమ్మ కావాలనుకుందనుకోండి. తన భాషలో శిక్షణ కావాలంటే సరిహద్దు దాటాలి. అక్కడ స్థానికుల వాటా పోగా మిగిలిన గుప్పెడు సీట్లకు పోటీ పడాలి. చదివి తిరిగొస్తే ఇక్కడ రాష్ట్రభాషలో అర్హత చూపమంటారు. అక్కడ ఆమె పరాయి రాష్ట్రపు పిల్ల, ఇక్కడ పరాయి భాష పిల్ల.

ఇక దేశమంతా మోగుతున్న గొడవ వేరు. మూడో భాష ఏది? తమిళనాడు 1968 నుంచి రెండు భాషలకే కట్టుబడి వుంది. కొత్త విధానానికి తలొగ్గలేదని సమగ్ర శిక్షా కింద రావలసిన 2,152 కోట్లు ఆపారని ఢిల్లీ మీద కత్తి దూసింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్లో ఒకటో తరగతి నుంచే హిందీ అన్నది. జనం మండిపడేసరికి జూన్ 29న ఉత్తర్వులు వెనక్కి తీసుకుంది. అన్ని పక్షాలూ మాతృభాష పేరే చెప్పాయి. ఎవరి మాతృభాష? 2011 జనాభా లెక్కల్లో తమిళనాట 42 లక్షలమంది, కర్ణాటకలో 35 లక్షలమంది, మహారాష్ట్రలో 13 లక్షలమంది తమ మాతృభాష తెలుగని రాయించుకున్నారు. వీళ్ళ మొదటి భాషకే దిక్కు లేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు మూడోదాని కోసం కొట్లాట!

హిందీని నెత్తిన రుద్దవద్దని తమిళనాడు అడగడం న్యాయమే. మనమూ ఆ మాటే అంటాం. కానీ 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక, పదో తరగతి పరీక్షలో తమ భాష రాసుకోవడానికి అల్పసంఖ్యాక భాషల పిల్లలు మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. ఢిల్లీని ఏ న్యాయం అడుగుతున్నారో ఆ న్యాయమే మనం చెన్నపట్నాన్ని అడుగుతున్నాం. తమిళం నేర్వమని కాదు. నాలుగైదు వందల యేళ్ళుగా ఆ నేల మీద బతికినవాళ్ళం, ఆ భాషలో బేరమాడినవాళ్ళం, పాటలు కట్టినవాళ్ళం. తమిళమూ కావాలి, కన్నడమూ కావాలి, ఒడియా, మరాఠీ కూడా కావాలి. వాటి పక్కన మాదీ వుండనివ్వమంటున్నాం.

మన ఇంటివాళ్ళనైనా మెచ్చుకుందామంటే అదీ లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 81వ నంబరు జీవోతో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చబోయింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టివేసింది. అటువైపు 1975 నుంచి ప్రపంచ తెలుగు మహాసభలు. 2012లో తిరుపతిలో, 2017లో హైదరాబాదులో. మనవాళ్ళను పిలుస్తారు, శాలువా కప్పుతారు, భోజనం పెడతారు. ఆ శాలువాల ఖర్చుతో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో మన పిల్లలకు నాలుగు సీట్లు అదనంగా కల్పించి వుంటే ఎన్ని బడుల్లో తెలుగు వినబడేది!

తల్లిదండ్రులే ఇంగ్లీషు కోరుతుంటే తెలుగెందుకని అడిగేవారున్నారు. ఏ మాధ్యమంలో చదివించాలో ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనని 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టూ అన్నది. సరే. కానీ ఎంపిక అంటే రెండు తలుపులు తెరిచి వుండాలి. పంతులు లేని బడిని ఎవరూ ఎంచుకోరు. పైగా అన్ని పాఠాలూ తెలుగులోనే చెప్పమని మనం పట్టుబట్టడం లేదు. మొదటి మూడు నాలుగేళ్ళు పిల్లవాడికి అర్థమయ్యే భాషలో అక్షరాలు నేర్పండి. ఆ తరువాత పదో తరగతి దాకా తెలుగు ఒక పాఠ్యాంశంగా వుంచండి. ఇంతే.

వృత్తి విద్య సంగతీ ఇంతే. 2025 నాటికి కనీసం సగంమంది విద్యార్థులకు ఏదో ఒక వృత్తి పరిచయం కావాలని 2020 విధానం చెప్పింది. ఆ ఏడు వచ్చింది, పోయింది. సోలాపురంలో పద్మశాలీల ఇంట్లో పడుగు, పేక, నాడె, మగ్గం తెలుగులోనే పలుకుతాయి. ఆ ఇంటి పెద్ద బడికి వచ్చి నేతపని నేర్పగలడు. కానీ ఆయన దగ్గర సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ వున్నవాడికి మగ్గం తెలియదు.

అదే 2020 పత్రంలో అంతగా ఎవరి కంటా పడని మాట ఒకటుంది. ఎనిమిదవ షెడ్యూలు భాషలన్నిటికీ పెద్దయెత్తున ఉపాధ్యాయులను తయారు చెయ్యాలని, ఇందుకు రాష్ట్రాలు ఒకదానితో ఒకటి ఒప్పందాలు చేసుకుని పంతుళ్ళను ఇచ్చిపుచ్చుకోవచ్చునని. హిందీ మీద అరిచినంతలో పదో వంతు గొంతుతోనైనా ఈ మాటను ఎవరైనా ఎత్తారా?

కనుక మనం అడగవలసినవి ఇవి. పొరుగు రాష్ట్రాలు ప్రతి ఒక్కటీ సరిహద్దు జిల్లాలో ఒక శిక్షణ సంస్థలోనైనా తెలుగు విభాగం నడపాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ సంస్థల్లో మన పిల్లలకు అదనపు సీట్లివ్వాలి; బదులుగా తమ గడ్డ మీది తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ, ఉర్దూ పిల్లలకు పంతుళ్ళను చూపాలి. మనకడిగేది వాళ్ళకివ్వకపోతే అడిగే నోరుండదు. మైసూరులోని దక్షిణ ప్రాంతీయ భాషా కేంద్రంలో ఇతర భాషల ఉపాధ్యాయులకు తెలుగు నేర్పే ఏర్పాటు ఎప్పటినుంచో వుంది, దాన్ని వాడుకోవాలి. అన్నిటికన్నా ముందు, తెలుగు పంతులు ఖాళీని మూడేళ్ళపాటు నింపి చూడకుండా ఏ విభాగాన్నీ రద్దు చెయ్యకూడదు.

అడిగేవాళ్ళు లేకపోతే ఏ ప్రభుత్వమూ ఇవ్వదు. 2027 జనాభా లెక్కలవాడు గుమ్మంలోకి వచ్చినప్పుడు మాతృభాష గడిలో మొహమాటపడకుండా తెలుగు అని రాయించండి. మీ వీధిలో పదిమంది పిల్లల తల్లిదండ్రుల సంతకాలు తీసుకుని బడి పెద్దకు దరఖాస్తు ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. వీలు లేదని వస్తే, ఎందుకు లేదో, ఎప్పటికి కల్పిస్తారో రాసివ్వమని అడగండి. అరవై యేళ్ళు దాటింది ఈ వీలు కోసం కనిపెట్టుకుని.