ఇంటి సైన్సు: మెట్ల మీది బల్బు

పండుగకు వచ్చిన మా పెద్దక్కయ్య ఊరికి బయలుదేరుతూ ఒక ఫిర్యాదు చేసింది. "మీ మెట్ల మీది బల్బుకు ఏమొచ్చిందిరా? వేయగానే బాగానే వెలుగుతుంది. పది నిమిషాలకు ఆరిపోతుంది. కాసేపటికి మళ్ళీ మామూలే. రాత్రి నేను సగం మెట్లు దిగి ఉండగా ఆరింది. గోడ పట్టుకుని నిలబడ్డాను."

మోకాళ్ళ నొప్పుల మనిషి. నాకు గుండె ఝల్లుమంది. హోల్డరు వదులేమోనని, స్విచ్చి ఆపి, ఆ బల్బును వేరే గదిలో పెట్టి చూశాను. అక్కడా అదే వరస. అంటే లోపం బల్బులోనే ఉంది.

ఎల్.ఇ.డి. బల్బులో చిన్న చిన్న చిప్పులు మాలలో పూలలాగా ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. చాలా రకాలలో చిప్పుకు కరెంటు అందించేది వెంట్రుక కన్నా సన్నని తీగ. మందం మిల్లీమీటరులో సుమారు 40వ వంతు. బంగారంతోనో, రాగితోనో, వెండి మిశ్రమంతోనో చేస్తారు. దీనికి టంకం వేయరు. తీగ కొసను చిన్న నిప్పురవ్వతో కరిగించి గుండులా చేసి, వేడి చేసిన చిప్పు మీద ఒత్తి, చెవికి వినబడని ధ్వనితో కదిలిస్తారు. రెండు లోహాలు అతుక్కుపోతాయి. దీన్నే వైర్ బాండింగ్ అంటారు.

చిక్కంతా ఆ తరువాతే. వేడికి అన్ని వస్తువులూ ఒకేలా వ్యాకోచించవు. ఒక్కో డిగ్రీకి బంగారం పది లక్షలలో 14 పాళ్ళు పెరుగుతుంది. తీగను కప్పి ఉండే మెత్తని రబ్బరు లాంటి పూత అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బల్బు వేసినప్పుడల్లా ఆ పూత తీగను లాగుతుంది, ఆర్పినప్పుడల్లా వదులుతుంది. పందిరి వేసేటప్పుడు ఇనుప తీగను కత్తెర లేకుండా ఎలా తెంపుతాం? అటూ ఇటూ వంచి వంచి తెంపుతాం. ఇక్కడా అంతే. గుండుకు పైన ఉన్న మెడ దగ్గర సన్నని పగులు పుట్టి పెరుగుతుంది. వేడెక్కితే పగులు విచ్చుకుంటుంది, చల్లారితే కొసలు తాకుతాయి. మాలలో ఒక్క తీగ తెగినా ఆ వరుస మొత్తం ఆరిపోతుంది.

లోహానికి కలిగే ఈ అలసటను 19వ శతాబ్దంలో జర్మనీ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద పరీక్షించి చూపారు. 1950లలో అమెరికాలో కాఫిన్, మాన్సన్ ఎవరికి వారుగా మరో సంగతి తేల్చారు: ఒక్కో విడతలో లోహం ఎంత ఎక్కువ సాగి వంగితే, అది అంత తక్కువ విడతలకే తెగుతుంది. విద్యుత్ రైళ్ళ మోటార్లకు కరెంటు అందించే పెట్టెల్లోనూ ఇలాంటి అతుకులే ఉంటాయి. స్టేషను స్టేషనుకూ ఆగి బయలుదేరడంలో అవీ వేడెక్కి చల్లారుతుంటాయి. అందుకే ముందే వేలసార్లు వేడిచేసి, చల్లార్చి పరీక్షిస్తారు.

మనం చేయగలిగింది కొంచెమే. గాలి ఆడని గాజు డోములో మామూలు బల్బు బిగించవద్దు. అక్కడ వేడి ఎక్కువ, లాగుడూ ఎక్కువ. మినుకుమనే బల్బును తట్టి వెలిగించి సంతోషపడవద్దు. విప్పి బాగుచేయబోవద్దు, షాకు కొడుతుంది. మినుకుమనడానికి వేరే కారణాలూ ఉండవచ్చు. కానీ వేడెక్కితే ఆరి, చల్లారితే వెలిగే బల్బు మాత్రం నమ్మదగినది కాదు. ముఖ్యంగా మెట్ల మీద, స్నానాల గది దగ్గర.

కొత్త బల్బు వేశానని అక్కయ్యకు ఫోనులో చెప్పాను. "నేను చెప్పేదాకా ఆగావా?" అంది. జవాబు దొరకలేదు.