అమ్మితే ఆదాయం... చేర్పిస్తే చిక్కు!

పత్తి పనులు ముగిశాక నాలుగు డబ్బులొచ్చే దారి వెతికే భైంసా ఇల్లాళ్లకు క్రీములు, షాంపూల కేటలాగు ఆశపెట్టడం సహజమే. కొట్టు అక్కర్లేదు, అద్దె లేదు. తీరిక వేళల్లో ఇరుగుపొరుగుకు అమ్ముకోవచ్చు. ఈ పద్ధతి పాతదే. ఇంటింటికీ పుస్తకాలమ్మే డేవిడ్ మెకానెల్ 1886లో అమెరికాలో మహిళల చేత పరిమళాలు అమ్మించడం మొదలుపెట్టారు. ఆ సంస్థే తర్వాత ఏవాన్ అయింది.

చేరేముందు ఒక్కటి అడగండి. డబ్బు సరుకు అమ్మితే వస్తుందా, మనుషుల్ని చేర్పిస్తేనా? ఒకరు ముగ్గురిని, ఆ ముగ్గురూ తలా ముగ్గురిని చేర్పిస్తూ పోతే పదో వరుసకే 59,049 మంది కావాలి. 2011 జనగణనలో భైంసా పట్టణ జనాభాయే దాదాపు 50 వేలు! చివర చేరినవారికి మిగిలేది సరుకే. 1978 నాటి నగదు చెలామణి పథకాల నిషేధ చట్టం కింద కేసు ఎదుర్కొన్న ఆమ్వే పిటిషన్‌ను 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది.

2021 డిసెంబరులో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం డైరెక్ట్ సెల్లింగ్‌లో చేరడానికి రుసుము తీసుకోకూడదు. పిరమిడ్ పథకాలు నిషేధం. అమ్మేవారు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా ఎవరింటికీ వెళ్లకూడదు.

* ఒప్పందం రాతపూర్వకంగా తీసుకోండి.
* ఆర్డరు వచ్చాకే సరుకు తెప్పించండి.
* ప్యాక్‌పై బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి.
* ఉద్దెర ఇస్తే పుస్తకంలో రాయండి. వసూలు కాని బాకీ లాభం కాదు.

మోసమనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. పుస్తెలు కుదువపెట్టి సరుకు కొనమనే వ్యాపారం ఏదైనా సరే, వద్దనుకోవడమే లాభం.