రోడ్డును విరిచేది చలి కాదు, నీళ్లు


పుష్యమాసం వచ్చిందంటే మన హాస్టల్లో ఒకటే మాట: "మంచుకి రోడ్డు పాడైపోయిందిరా" అని. పొగమంచు, గడ్డి మీది మంచు, గడ్డకట్టిన మంచు, మనకు అన్నీ మంచే! ఈ మాట నేను ఒప్పుకోను.

లంబసింగిలో కొన్ని రాత్రులు చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది, నిజమే. కానీ గడ్డపారతో జానెడు లోతు తవ్వి చూడండి, మట్టి వెచ్చగానే తగులుతుంది. మన నేల గడ్డకట్టదు. పొగమంచు డ్రైవరు కళ్లకు అడ్డం, రోడ్డును ఏమీ చెయ్యదు.

నేల గడ్డకట్టేది లడఖ్‌లో. మనాలి నుంచి లేహ్ వెళ్లే రోడ్డు తంగ్లాంగ్ లా కనుమ దగ్గర 5,300 మీటర్ల ఎత్తు దాటుతుంది. అలాంటి చోట రోడ్డు కింద తడి ఉంటే మంచుగడ్డ అవుతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుందని సైన్సు మాస్టారు చెప్పారు గదా! అసలు సంగతి అంతకన్నా పెద్దది. దీపం వత్తి నూనె పీల్చినట్టు, మెత్తటి మట్టి కింది నుంచి ఇంకా ఇంకా నీళ్లు పైకి లాగుతుంది. అది పొరలు పొరలుగా గడ్డకట్టి రోడ్డునే ఎత్తేస్తుంది. అమెరికాలో స్టీఫెన్ టేబర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1930 నాటికే దీన్ని రుజువు చేశాడు. గడ్డకడితే కుంచించుకుపోయే బెంజీన్‌ను నీళ్లకు బదులు పోసినా మట్టి పైకి లేచింది!

ఎండలు మొదలయ్యాక ఇంకా కష్టం. పైన కరుగుతుంది, కింద గడ్డగానే ఉంటుంది. నీళ్లకు ఇంకే దారి లేక రోడ్డు కింద బురద అవుతుంది. ఒక బరువు లారీ వెళ్తే చాలు, తారు పగులుతుంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఆ వారాల్లో లారీల బరువుకు హద్దు పెడతారు.

చలిని ఎవరూ ఆపలేరు. అందుకే ఇంజనీర్లు మెత్తటి మట్టి తీసి కంకర పోస్తారు, నీళ్లు పోయేందుకు కాలువ తీస్తారు. మన ఘాట్ రోడ్లకు గడ్డకట్టిన మంచు లేకపోయినా నీళ్లున్నాయి. కొండ మీది వాన నీళ్లు, పక్క కాలువ లేకపోతే, రోడ్డు కిందికే ఇంకుతాయి. అక్కడ మంచు కరిగినప్పుడు జరిగేదే ఇక్కడ ఆగస్టులో జరుగుతుంది. మా ఊరి రోడ్డు రెండో వానాకాలానికే పోయింది. కాలువ తియ్యలేదు మరి. ఆ ఏడాదే మా పిన్నిని పురుటికి డోలీలో మోసుకెళ్లారు.

అధికారులు వస్తే మనోళ్లు "రోడ్డు వెయ్యండి బాబూ" అంటారు. "కాలువ తీసి రోడ్డు వెయ్యండి" అని అడగాలంటాను నేను. మన హాస్టల్ గేటు ముందు కల్వర్టు కూడా ఆకులు, మట్టితో పూడిపోయి ఉంది. వార్డెన్ సారు ఒక ఆదివారం పారలు ఇప్పిస్తే, పదో తరగతి వాళ్లం మేం సిద్ధం.