రంపం తెలిస్తే సరిపోదు
చెట్లెక్కి కొమ్మలు కోసే పనిలో బ్రిటన్‌లో ‘ట్రీ సర్జన్’ అనిపించుకున్న మనిషినే ఆస్ట్రేలియాలో ‘ఆర్బరిస్టు’ అంటారు. పేరు మారినంత తేలిగ్గా పని మారదు. ఓక్, బీచ్ చెట్ల మీద పదేళ్లు తాడుకు వేలాడి చెయ్యి తిరిగినవాడైనా సరే, మెల్‌బోర్న్‌లో దిగాక కొన్నాళ్లు కింద నిలబడి కొమ్మలు ఈడ్చాల్సిందే అంటాను. అందులో చిన్నతనమేమీ లేదు. అక్కడి యూకలిప్టస్ కర్ర గట్టిది, బరువెక్కువ. కొమ్మ ఎటు ఒరుగుతుందో, తాడు ఎంత ఆపుతుందో అన్న పాత అంచనాలు దాని దగ్గర తప్పుతాయి. ఆకు కదలని వేసవి మధ్యాహ్నం పచ్చటి కొమ్మనే ఉన్నట్టుండి జారవిడిచే చెట్టది. దాని గుణం ఇంగ్లండు సర్టిఫికెట్టులో ఎక్కడ దొరుకుతుంది? మన గీత కార్మికుడు కూడా తాటిచెట్టు ఒడుపు తాటికి, ఈతచెట్టు ఒడుపు ఈతకీ వేరుగానే పట్టుకుంటాడు. పైగా డిసెంబరంటే చలికాలమని నమ్మిన ఒంటికి 40 డిగ్రీల ఎండ, ఆ ఎండలో రంపం కోతను ఆపే దళసరి ప్యాంటు! అయినా ఈ వలసలో నాకు నచ్చే సంగతొకటుంది. 1960ల చివర్లో విజృంభించిన డచ్ ఎల్మ్ తెగులు బ్రిటన్‌లో రెండు కోట్లకు పైగా ఎల్మ్ చెట్లను తినేసింది. బ్రైటన్ లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప పెద్ద మానులు మిగల్లేదు. ఆ తెగులు ఆస్ట్రేలియా చేరలేదు. మెల్‌బోర్న్ రాయల్ పరేడ్‌లో, ఫిట్జ్‌రాయ్ గార్డెన్స్‌లో ఎల్మ్ బారులు ఇంకా నీడనిస్తున్నాయి. తాత చెప్పగా విన్న సొంతూరి చెట్టును ఇంగ్లండు కుర్రాడు నిండు ఎత్తున చూసి, మొదటిసారి దాని మీదికి తాడు విసిరేది అక్కడే.