నిర్లక్ష్యమే హ్యాకర్లకు రాచబాట

2017 మే 12న విజృంభించిన ‘వానాక్రై’ ర్యాన్సమ్‌వేర్ సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. ఫైళ్లు తెరుచుకోవాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించాలని హ్యాకర్లు షరతు విధించారు. విండోస్‌లో ఫైళ్లను పంచుకునే ఏర్పాటులోని లోపమే దానికి ప్రవేశద్వారమైంది. ఒక కంప్యూటర్‌కు సోకితే చాలు, ఎవరి ప్రమేయమూ లేకుండానే నెట్‌వర్క్‌లోని మిగతావాటికి పాకింది. ఈ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. దాదాపు రెండు నెలల వ్యవధి ఉన్నా, దానిని వేసుకోని యంత్రాలే అత్యధికంగా బలి కావడం గమనార్హం.

పౌరుల భూమి రికార్డులు, ఫిర్యాదులు కంప్యూటర్లకెక్కిన నేడు, అప్‌డేట్ల బాధ్యత ఎవరిదో ప్రతి కార్యాలయం ముందే నిర్ణయించాలి. ఫైళ్ల నకళ్లను నెట్‌వర్క్‌తో సంబంధం లేనిచోట భద్రపరచాలి. లేనిపక్షంలో మూల్యం చెల్లించేది సామాన్యుడే.