‘షెడ్యూల్డు’ అంటే తల దించుకోవాలా?

ఇంగ్లీషు అంటే మన హాస్టళ్ళలో ఇప్పటికీ భయమే. ఆ భయానికి ఒక కారణం మనం మాటలు నేర్చుకునే పద్ధతి. గైడులో ఒక మాట, దాని ఎదురుగా ఒక అర్థం ఉంటాయి. బట్టీ పట్టేస్తాం. కానీ ఆ భాషలో రోజూ వాడే మాటల్లో చాలావాటికి ఒక్క అర్థం ఉండదు. పక్కన ఏ మాట కూర్చుందో చూసి అర్థం తీసుకోవాలి. అలాంటి ఒక మాట గురించి ఈ వార్షిక సంచికలో మేము నాలుగు ముక్కలు చెప్పదలిచాము. ఆ మాట మన స్కాలర్‌షిప్ ఫారంలో ఉంది, మన కుల ధ్రువీకరణ పత్రంలో ఉంది. అదే ‘షెడ్యూలు’.

పరీక్షల షెడ్యూలు అంటే తేదీల పట్టిక. ఎన్నికల షెడ్యూలు అంటే నామినేషన్ల నుంచి లెక్కింపు దాకా ఏ రోజు ఏమిటో చెప్పే ప్రకటన. సినిమా పేజీలో ‘రెండో షెడ్యూలు పూర్తయింది’ అని రాస్తే ఒక విడత షూటింగ్ అయిపోయిందని. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్తే అదే మాట భూమి అవుతుంది. దస్తావేజు చివర సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు రాసే భాగాన్ని షెడ్యూలు అంటారు. అది తప్పు పడితే భూమే తప్పు పడుతుంది. మందుల షాపులో గోలీల పట్టీ వెనక ‘షెడ్యూలు హెచ్’ అని ఉంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని అర్థం. బ్యాంకుల్లోనూ షెడ్యూల్డు బ్యాంకులున్నాయి. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం రెండో షెడ్యూలులో పేరున్న బ్యాంకులు అవి. ఆ పేరు చెప్పుకోవడం వాటికి గౌరవం.

ఇన్ని అర్థాలకూ వేరు ఒక్కటే. లాటిన్‌లో ఆ మాటకు చిన్న కాగితపు ముక్క, అంటే మన చీటీ అని అర్థం. పెద్ద పత్రానికి చివర జతచేసే చీటీ, ఆ చీటీలోని జాబితా, ఆ తర్వాత వేళల పట్టిక. ఇలా అర్థం పెరుగుతూ వచ్చింది. ఉచ్చారణ కూడా ఒకటి కాదు. ఇంగ్లండు వాళ్ళు ‘షెడ్యూల్’ అంటే అమెరికా వాళ్ళు ‘స్కెడ్యూల్’ అంటారు. ఎవరైనా మన ఉచ్చారణకు నవ్వితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

మన రాజ్యాంగానికి కూడా షెడ్యూళ్ళున్నాయి. 1950లో ఎనిమిది, ఇప్పుడు పన్నెండు. ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. అందులో తెలుగు ఒకటి. అంటే తెలుగు షెడ్యూల్డు భాష. అలా అన్నందుకు తెలుగువాళ్ళు ఎవరైనా చిన్నబుచ్చుకున్నారా? లేదు. బ్యాంకుకు గౌరవమై, భాషకు గౌరవమైన మాట మనిషి దగ్గరికి వచ్చేసరికి చిన్నచూపు ఎందుకవుతోంది? ‘షెడ్యూల్డు వాళ్ళా?’ అని అడిగేటప్పుడు కొందరి గొంతు ఎందుకు మారుతోంది? పై చదువులకు పట్నం వెళ్ళిన మాలో చాలామంది ఆ గొంతు విన్నవాళ్ళమే. మా అభిప్రాయంలో తప్పు ఆ మాటది కాదు, పలికే గొంతుది.

ఈ పేరు ఎలా వచ్చిందో చూడండి. అంతకుముందు మనకు ఇతరులు పెట్టిన పేర్లు చాలా ఉన్నాయి. అంటరానివాళ్ళన్నారు, పంచములన్నారు, నిమ్నజాతులన్నారు. దొరతనం వారి కాగితాల్లో అణగారిన వర్గాలు అని రాశారు. గాంధీగారు హరిజనులన్నారు. కొన్ని తిట్టాయి, కొన్ని జాలిపడ్డాయి. అన్నీ మనం ఎలాంటివాళ్ళమో చెప్పబోయినవే. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలో ‘షెడ్యూల్డు కులాలు’ అనే మాట వచ్చింది. మరుసటి ఏడు ఆ కులాల పేర్లను ఒక ఉత్తర్వుకు షెడ్యూలుగా జతచేశారు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 341వ అధికరణం కింద 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. ఈనాడు తెలంగాణ జాబితాలో 59 కులాలున్నాయి. ఈ పేరు మన గుణం గురించి ఒక్క ముక్క చెప్పదు. ఫలానా కులాల పేర్లు ఫలానా కాగితంలో ఉన్నాయి, వాళ్ళకు జరిగిన అన్యాయానికి రాజ్యం జవాబుదారీ అని మాత్రమే చెబుతుంది. అది మనం తీర్చాల్సిన అప్పు కాదు, మనకు రావలసిన బాకీ. బాకీ పత్రంలో పేరున్నవాడు తల దించుకోవడం ఎక్కడి న్యాయం?

బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ మాటను దాచుకోలేదు. 1942లో నాగపూర్‌లో పెట్టిన పార్టీకి ‘అఖిల భారత షెడ్యూల్డు కులాల ఫెడరేషన్’ అని పేరు పెట్టారు. 1952 తొలి లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఆ పార్టీకి రెండే సీట్లు వచ్చాయి. వాటిలో ఒకటి మన గోదావరికి అవతలి ఒడ్డునున్న కరీంనగర్. గెలిచిన వారు ఎం.ఆర్.కృష్ణ. లక్సెట్టిపేట విద్యార్థులమైన మనకు ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాము.

జాబితాలో పేరు ఉండడం, లేకపోవడం ఎంత పెద్ద సంగతో తెలియాలంటే మన పాత ఆదిలాబాద్ జిల్లానే చూడాలి. గోండులు షెడ్యూల్డు తెగ. వాళ్ళుండే ఉట్నూరు ప్రాంతం ఐదో షెడ్యూలు కింద షెడ్యూల్డు ప్రాంతం. అక్కడి భూమి గిరిజనేతరుల పాలు కాకుండా 1/70 చట్టం ఉంది. కానీ వాళ్ళ గోండి భాష మాత్రం ఎనిమిదో షెడ్యూలులో లేదు. 2011 జనాభా లెక్కల్లో గోండిని మాతృభాషగా చెప్పినవాళ్ళు 29 లక్షలకు పైనే. సంస్కృతం చెప్పినవాళ్ళు పాతిక వేలు కూడా లేరు. సంస్కృతం జాబితాలో ఉంది, గోండి లేదు. సివిల్స్ మెయిన్స్ పరీక్షను ఆ 22 భాషల్లో రాయవచ్చు. తెలుగులో మనం రాయగలం. మన పక్క మంచం మీద పడుకునే గోండు తమ్ముడు తన తల్లి భాషలో రాయలేడు. మనిషి షెడ్యూల్డు, నేల షెడ్యూల్డు, నోటి మాట మాత్రం కాదు! గోండిని చేర్చాలని అడగడం గోండుల పని మాత్రమే అనుకోకూడదు. జాబితా విలువ తెలిసిన మనమూ అడగాలి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! భోజనశాల గోడ మీద రాసిన మెనూ కూడా ఒక షెడ్యూలే. ఏ రోజు గుడ్డు, ఏ రోజు అరటిపండు అని అందులో ఉంటుంది. దాన్ని చదవండి. అందులో ఉన్నది అడగడం అడుక్కోవడం కాదు. కాస్మొటిక్ చార్జీలైనా, స్కాలర్‌షిప్ అయినా, రేపటి ఉద్యోగమైనా అంతే. అయితే జాబితాలో పేరుంటే చాలదు. ఆ జాబితా చదవగలగాలి, దాని వెనకున్న చట్టం తెలియాలి. అందుకే ఇంగ్లీషు కావాలి.

కాబట్టి కొత్త మాట ఎదురైతే మొదటి అర్థం దగ్గరే ఆగకండి. హాస్టల్ లైబ్రరీలో డిక్షనరీ ఉంటే మిగతా అర్థాలూ చూడండి. లేకపోతే ఒకటి కొనమని ఈ వార్షికోత్సవం నాడే అందరం కలిసి అడుగుదాం. ఇకమీదట ఎవరైనా గొంతు మార్చి ‘షెడ్యూల్డా?’ అని అడిగితే, అవును, మేము మాట్లాడే తెలుగు కూడా షెడ్యూల్డే అని చెప్పండి. జై భీమ్!