తిరగేసి చూడవలసినవి

“లోపలేం చూత్తారండీ? ఏసుకునేది బయటికే కదండీ!”

తణుకులో ఒక బట్టల దుకాణంలో నేనొక జాకెట్‌ను తిరగేసి కుట్లు పరీక్షిస్తూండగా, అక్కడి కుర్రవాడు నవ్వుతూ అన్న మాట ఇది. అతని తప్పేమీ లేదు. ఈనాటి వ్యాపారం మొత్తాన్నీ ఒక్క వాక్యంలో, ఏ పండితుడూ చెప్పలేనంత క్లుప్తంగా చెప్పాడు. నా తగవు అతనితో కాదు, ఆ వాక్యంతో.

ముందుగా ఒక మనవి. చిరుగుల పంట్లాలు తొడిగే కుర్రకారును తిట్టడానికి రాస్తున్న టపా కాదిది. ఆ పనికి పెద్దల కొరత మనకెన్నడూ లేదు. ఎవరి మోకాళ్ళు ఎంత మేరకు కనబడాలన్నది వారి వారి ఇష్టం. నేను మాట్లాడదలచుకున్నది, “మొరటు బట్ట”, “పాతకాలపు గట్టితనం”, “వింటేజ్” అన్న మాటలు అంటించి మగవాళ్ళకు అమ్ముతున్న దుస్తుల్లో, ఆ గట్టితనమే లోపించడం గురించి. నిందకు మొదటి అర్హుణ్ణి నేనే కాబట్టి నా కథతోనే మొదలుపెడతాను.

మూడేళ్ళ క్రితం ఆరువేల ఎనిమిది వందలు పోసి ఒక జీన్స్ జాకెట్ కొన్నాను. మోచేతుల దగ్గర వెలిసి, కాలరు అంచున కాస్త నలిగి, ఎవరో పదేళ్ళు కాయకష్టం చేసి విడిచినట్టుండేది. ఆ కష్టజీవి ఎవరో నాకు తెలియదు. అతని పదేళ్ళనూ నేను పైకమిచ్చి తొడుక్కున్నాను. రెండో చలికాలానికి మోచేయి చిరిగింది. మా దర్జీ దగ్గరకు తీసుకెళ్తే, చిరుగు చుట్టూ వేలితో తడిమి, వెలుతురుకు ఎత్తి చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

“మాసిక వేద్దామంటే కుట్టు పట్టే గుడ్డ లేదండీ. తమరు తొడక్కముందే అరగదీసేశారండి దీన్ని.”

ఆ మాట దగ్గర నాకు కళ్ళు తెరుచుకున్నాయి. నేను కొన్నది పాతదనం కాదు, ముందుగానే ఖర్చు చేసేసిన ఆయుష్షు. పదేళ్ళు మన్నవలసిన గుడ్డలో ఎనిమిదేళ్ళు కార్ఖానాలోనే తీసేసుకుని, మిగిలిన రెండేళ్ళనూ రెట్టింపు ధరకు నాకు అంటగట్టారు.

ఈ మొరటు దుస్తుల మీద కనిపించే ప్రతి అలంకారమూ ఒకనాడు ఒక అవసరం. జీన్స్ జేబు మూలల్లోని రాగి రివెట్లను చూడండి. అమెరికాలోని రీనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, కూలివాళ్ళ పంట్లాలు జేబుల దగ్గర పదే పదే చిరిగిపోతున్నాయని, ఆ మూలల్లో రివెట్లు బిగించాడు. ఆయనా, గుడ్డ సరఫరా చేసిన లెవై స్ట్రాస్ కలిసి 1873 మే 20న దానికి పేటెంటు పొందారు. ఖాకీ అన్న మాటకు మూలం మన్ను అనే అర్థమున్న పారశీక పదం. 1846లో ఏర్పడిన గైడ్స్ దళం, మట్టిలో కలిసిపోయి కంటబడకుండా ఉండేందుకు ఆ రంగును ఎంచుకుంది. డంగరీలన్న పేరు బొంబాయి డోంగ్రీ నుంచి వెళ్ళిన ముతక గుడ్డది; అది నావికుల, కూలీల కట్టుబట్ట.

అంత దూరం పోనక్కరలేదు. మన జిల్లాలోనే తాడేపల్లిగూడెం దగ్గర మాధవారం ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపుతున్న ఊరది. అక్కడి ఇళ్ళ పెట్టెల్లో ఉండే ఆలివ్ రంగు చొక్కాకు భుజం మీద పట్టీ ఉంటే, అది హోదా గుర్తు తగిలించడానికి. జేబుకు మూత ఉంటే, పాకినా పరుగెత్తినా లోపలిది జారిపోకుండా. ఇప్పుడు మన దుకాణాల్లో దొరికే “మిలిటరీ” చొక్కాలలో కొన్నిటికి జేబు మూత మాత్రమే ఉంటుంది, దాని కింద జేబు ఉండదు! పని పోయి, పని తాలూకు గుర్తు మిగిలింది. ఆ గుర్తుకే మనం ధర చెల్లిస్తున్నాం.

అసలు జీన్స్ గుడ్డ ఎందుకు వెలుస్తుంది? నీలిమందు తొట్టెలో ముంచి, గాలికి ఆరబెట్టి, మళ్ళీ ముంచి తీసిన పడుగు నూలులో రంగు పైపైనే నిలుస్తుంది. నూలుపోగు నడిమి భాగం తెల్లగానే ఉండిపోతుంది. పేక నూలుకు సాధారణంగా రంగే ఉండదు. అందుకే రాపిడి ఎక్కడ తగిలితే అక్కడ తెలుపు తేలుతుంది. కూర్చునేవాడికి ఒకచోట, నడిచేవాడికి ఒకచోట, జేబులో తాళాల గుత్తి వేసుకునేవాడికి మరోచోట. అంటే ఆ వెలిసిన గీతలు మనిషి చేతిరాత వంటివి. మరొకరి దస్తూరిని అచ్చు వేయించి నాదని చెప్పుకుంటే దాన్ని ఫోర్జరీ అంటాం. పంట్లాం మీద చేస్తే ఫ్యాషన్ అంటున్నాం.

ఈ ఫోర్జరీకి ప్రాణాలు కూడా పోయాయి. గుడ్డను త్వరగా వెలియించడానికి ఇసుకను వేగంగా చిమ్మే పద్ధతి ఒకటుంది. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లోకి చేరి, టర్కీలో ఎందరో పడుచు కార్మికులు సిలికోసిస్‌కు బలైపోయారు. 2009లో ఆ దేశం జీన్స్ తయారీలో ఆ పద్ధతిని నిషేధించింది; మరుసటి ఏడు కొన్ని పెద్ద సంస్థలు తామూ మానుకుంటామని ప్రకటించాయి. ఇప్పుడు లేజర్లు వచ్చాయి, రసాయనాల పిచికారీలు వచ్చాయి. కానీ ఒక్కసారి ఆలోచించండి: కష్టపడినట్టు కనిపించాలన్న మన సరదా కోసం, నిజంగా కష్టపడినవాడు ఊపిరి పోగొట్టుకున్నాడు. ఇంతకన్నా క్రూరమైన శ్లేష ఏ కవికైనా తట్టిందా?

ఇక్కడ ఇద్దరు మిత్రులు నాకు అడ్డు తగులుతారని తెలుసు.

మొదటివారు రసజ్ఞులు. “నువ్వు నాసిరకం కొని ఏడుస్తున్నావు. సెల్వెడ్జ్ కొనాల్సింది,” అంటారు. పంట్లాం కాలు మడిచి, లోపల కుట్టు వెంబడి ఎర్రదారం ఉన్న అంచును చూపిస్తారు. అయ్యా, ఆ అంచు చెప్పేది ఒక్కటే: ఆ గుడ్డను నాడె అటూ ఇటూ తిరిగే మగ్గం మీద, పేకను ప్రతి వరసకూ తెంపకుండా నేశారని. నూలు మంచిదో కాదో, పురి సరిగా పడిందో లేదో, కుట్టినవాడు శ్రద్ధ పెట్టాడో లేదో అది చెప్పదు. ఆ మాటకొస్తే మగ్గం మీద నేసిన మన పంచెలకు, కండువాలకు రెండు వైపులా ఉన్నవి అవే అంచులు! మా తాతగారు తుండుగుడ్డతో సహా సెల్వెడ్జ్ వాడి, ఆ సంగతి తెలియకుండానే వెళ్ళిపోయారు. మంచి గుడ్డలో ఆ అంచు ఉండవచ్చు. అంచు ఉన్నంత మాత్రాన గుడ్డ మంచిదైపోదు.

రెండోవారు విరక్తులు. “అంతా మోసమే. ద్వారపూడి సంతలో దొరికే చవక గుడ్డ చాలు,” అంటారు. ద్వారపూడిలో మంచి గుడ్డ దొరకదని నేననను. చూడగలిగినవాడికి అక్కడా దొరుకుతుంది. కానీ చూడడం మానేసి చవకను నమ్మడం, చూడడం మానేసి ఖరీదును నమ్మడం, రెండూ ఒకే సోమరితనానికి రెండు పేర్లు. చేనేత అన్నంత మాత్రాన కళ్ళు మూసుకుని దండం పెట్టేవారినీ ఇదే వరసలో కూర్చోబెడతాను. నేతగాణ్ణి గౌరవించడమంటే అతని పనిని పరీక్షగా చూడడం. జాలిపడి కొనడం కాదు.

పేరును నమ్మితే ఏమవుతుందో మన గోదావరి జిల్లాలకు తెలిసినంతగా మరెవరికి తెలియాలి? నరసాపురం పక్కన మాధవాయపాలెం ఉంది. ఇంగ్లీషు కంపెనీ అక్కడ వర్తకస్థావరం పెట్టి, మన నేతగాళ్ళ గుడ్డను ఓడలకెక్కించింది. ఊరి పేరు ఇంగ్లీషువారి నోట “మాడపోలం” అయి, ఆ నూలుగుడ్డకే పేరైంది. కాలక్రమంలో కంపెనీ వ్యాపార ఏజెన్సీ ముగిసిపోయింది, పేరు మాత్రం ముగియలేదు. తరువాతి రోజుల్లో ఇంగ్లండు మరమగ్గాల మీద నేసిన గుడ్డ కూడా మాడపోలమే. మన ఊరి పేరుంది, మన ఊరి చెయ్యి లేదు. వింటేజ్ లేబుల్ అంటే ఏమిటో మనకు రెండువందల ఏళ్ళ కిందటే చూపించారు, మనమే మరిచిపోయాం.

మరి దేన్ని నమ్మాలి? నా సమాధానం ఒక్కటే. వస్తువు చిరిగినప్పుడు బాగుచేయడానికి వీలుందా అని అడగండి. గట్టితనమంటే చిరగకపోవడం కాదు. చిరగని గుడ్డ లేదు. చిరిగాక మరమ్మతుకు లొంగడం గట్టితనం.

అందుకే తిరగేసి చూడమంటున్నాను. పక్కకుట్లు గుడ్డ అంచులను లోపలికి మడిచి రెండు వరసల్లో వేశారా, లేక కత్తిరించిన అంచుకు ఓవర్‌లాక్ చుట్టి వదిలేశారా? దళసరి జీన్స్‌కు అంగుళానికి ఏడెనిమిది కుట్లు సరిపోతాయి. చొక్కాకు పన్నెండుకు తగ్గితే తొందరపడ్డారని అర్థం. జేబు మూలల్లో, బెల్టు పట్టీల దగ్గర అడ్డకుట్టు దట్టంగా ఉందా? జేబు లోపలి గుడ్డ వేలికి గట్టిగా తగులుతోందా, గాజుగుడ్డలా ఉందా? కాజాల చుట్టూ దారం నిండుగా ఉందా? నడుము వెనకకుట్టులో అంగుళం గుడ్డైనా అదనంగా వదిలారా? సాగే దారం ఎంత శాతం కలిపారో లేబుల్ మీద చదవండి. అది తొడిగినప్పుడు హాయిగానే ఉంటుంది గానీ, ఏళ్ళు గడిచాక ముందు సడలిపోయేది అదే, దానికి మందు లేదు. చివరగా, వెలియించిన చోట గుడ్డను వెలుతురుకు ఎత్తండి. మిగతా చోట్ల కన్నా పలచగా కనబడితే అక్కడే దించేయండి.

మా నాన్నగారు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు తొడిగిన ఖాకీ పంట్లాం ఒకటి ఇంట్లో ఉండేది. నడుము దగ్గర రెండుసార్లు వదులు చేశారు, మోకాలికి మాసిక పడింది, చివరికి పనిముట్ల సంచి అయింది. దాన్ని ఎవరూ వింటేజ్ అనలేదు. అలా బతకడానికి కావలసిన గుడ్డను, కుట్టేనాడే ఒక దర్జీ లోపల దాచిపెట్టాడు. 1995లో అరవింద్ మిల్స్ “రఫ్ అండ్ టఫ్” పేరుతో జీన్స్ గుడ్డ, జిప్పు, రివెట్లు పొట్లం కట్టి అమ్మింది, ఊళ్ళో దర్జీ చేత కుట్టించుకోమని. ఆ పొట్లం కొన్నవాడు బయటికన్నా ముందు లోపలినే చూశాడు. రెడీమేడ్ వచ్చి మనకు సౌకర్యమిచ్చింది, ఆ చూపును తీసుకుపోయింది.

ధర మాటకొస్తే, నా జాకెట్‌ను 34 సార్లు తొడిగాను. సారికి 200 రూపాయలు. మా దర్జీ కుట్టిన 2,400 రూపాయల పంట్లాన్ని ఇప్పటికి 300 సార్లు తొడిగి ఉంటాను. సారికి 8 రూపాయలు. ఈ లెక్కను అమ్మేవాళ్ళూ చెబుతారు, కొనేముందే చెబుతారు. నమ్మకండి. బతికిన తరువాత వేయవలసిన లెక్క అది. కొనేముందు మీ చేతిలో ఉన్నది కుట్టు ఒక్కటే.

బట్టల గొడవ సాహిత్యపు బ్లాగులో ఎందుకంటారా? మన రాతలూ దుస్తులే కనుక. గోదావరి గట్టు, అమ్మమ్మ ఊరు, ఆవకాయ జాడీ అంటూ నాలుగు మాటలు చల్లి, తాను అరగదీయని అనుభవానికి పాతరంగు పులిమి మనలో ఎంతమందిమి అచ్చేసుకోలేదు? నాతో సహా. బయటికి బాగానే కనబడతాయి. తిరగేస్తే కుట్టు ఉండదు, విమర్శకుడు సూది పెడితే నిలిచే గుడ్డ ఉండదు.

విభేదించేవారు వ్యాఖ్యల్లో తప్పక రండి. ఒంటి మీది చొక్కాను ఒకసారి తిరగేసి చూసి మరీ రండి.